మూడో షరతు

ఈ ఏడాది మా గేటు ముందుకు రెండు వ్యాన్లు వచ్చాయి. మొదటిదాంట్లో మా పైవాటాలో కిరాయికి ఉండే మాస్టారు. రెండోదాంట్లో ఇంటి ఓనరు, అంటే మా నాయనమ్మ. రెండుసార్లూ గేటు దగ్గర నేనే ఉన్నాను. రెండుసార్లూ నాకు ఏడుపు రాలేదు.

"అంత గట్టిదానివెట్లయినవే?" అని వదిన అడిగింది. గట్టిదనం కాదు. చేతి మీద తల పెట్టుకుని నిద్రపోయి లేస్తే ఆ చెయ్యి కాసేపు మనది కానట్టు ఉంటుంది. లోపలంతా అట్లా ఉంది. ఇప్పటికీ అట్లాగే ఉంది. ఎవరైనా పరామర్శకు వస్తే మర్యాదగా టీ పెట్టి ఇస్తున్నాను.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ పోయే పెద్ద రోడ్డుకు రెండు గల్లీలు లోపల ఉంటుంది మా ఇల్లు. కింద మేము, పైన కిరాయి వాటా. పోచంపల్లి పక్కన చేనేత ఊరు మాది. అమ్మానాన్నలు ఊళ్ళోనే మగ్గం మీద ఉన్నారు. పట్నంలో నాయనమ్మ, అన్న, వదిన, నేను. అన్నకు చీరల దుకాణం. నేను ఒక కోచింగ్ సెంటర్‌లో అడ్మిషన్ ఫారాలు నింపే పని చేస్తాను. బంద్ ఉన్నప్పుడల్లా సెంటర్ షట్టరు దించేస్తారు కాబట్టి ఈ రెండేళ్ళలో నేను పనికి పోయిన రోజుల కంటే ఇంట్లో ఉన్న రోజులే ఎక్కువేమో.

ఇల్లు నాయనమ్మది. పేరుకు కాదు, నిజంగానే ఆమెది. తాతా ఆమే చీరల మూట నెత్తిన పెట్టుకుని పట్నం వచ్చిన కొత్తలో మలక్‌పేట వైపు ఒక గదిలో కిరాయికి ఉండేవాళ్ళు. తాత సర్కారు దవాఖానలో పోయాడు. శవాన్ని తీసుకొస్తే ఇంటామె తలుపు వేసేసింది. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా తాత రోడ్డు పక్కన ఉన్నాడు. నాయనమ్మ మూటలోంచి అమ్మాల్సిన చీర ఒకటి తీసి, కరెంటు స్తంభానికీ గోడకూ కట్టి నీడ చేసింది. ఊరి నుంచి మనుషులు వచ్చేదాకా ఆ చీర కిందే కూర్చుంది.

ఆ తర్వాత ఆమెకు ఒకటే కోరిక. "సచ్చినంక నన్ను నా ఇంట్ల పండవెట్టాలె. రోడ్డు మీద కాదు." ఎవరు ఏ మాట మొదలుపెట్టినా తిప్పి తిప్పి అక్కడికే తెచ్చేది. ఎవరి పిల్ల పుట్టినరోజుకు పిలిచినా అదే చెప్పేది. ఇరవై ఏళ్ళ పైన చిటికి కట్టి ఆ ఇల్లు కట్టింది. చిటికి అంటే నూలుకు రంగు అంటకూడని చోటల్లా సైకిల్ ట్యూబు పీలికలతో గట్టిగా కట్టడం. ఎక్కడ కట్టాలో, ఎన్నిసార్లు చుట్టాలో తప్పితే నేసేటప్పుడు పువ్వు పువ్వులాగా రాదు. ఆమె బొటనవేలికి ఒక పక్క ఎప్పుడూ కాయ ఉండేది.

అంత అనుభవించిన మనిషి ఓనరయ్యాక ఏం చేసిందంటే, కిరాయికి వచ్చిన ప్రతివాళ్ళకూ మూడు షరతులు పెట్టింది. గోడలకు మేకులు కొట్టొద్దు. నీళ్ళ మోటరు మేమే వేస్తాం. మూడోది టీ గ్లాసు చేతికిస్తూ మెల్లగా చెప్పేది. "బీమారయితే దవాఖానకు తీస్కపోండ్రి, మేం గూడ ఒస్తం. గని చావును మాత్రం ఇంట్లకు తేవొద్దు."

మొదటి రెండూ కాగితం మీద ఉండేవి. మూడోది నోటిమాటే. ఈ సిటీలో ఆ షరతు లేని ఇల్లు దొరకడం కష్టం. కిరాయికి ఉన్నవాళ్ళందరికీ తెలుసు. ఎవరూ దాని గురించి వాదించరు.

ఒకసారి నేనే అడిగాను. "తాతను బయట పెట్టిన ఇంటామెను ఇప్పటిదాంక తిడుతవ్. నువ్వు గూడ గదే చేస్తున్నవ్ గదనే?"

"ఆమెకు భయం ఎందుకుండెనో గప్పుడు ఎరుక లేకుండె. ఇల్లు కట్టినంక ఎరుకయ్యింది" అంది.

ఆ భయం పేరు ధనిష్ఠా పంచకం. ధనిష్ఠ మొదలు రేవతి దాకా అయిదు నక్షత్రాల్లో ఎవరైనా ఇంట్లో పోతే ఆ ఇల్లు తాళం వేసి నెలల తరబడి ఖాళీగా ఉంచాలంటారు. ఈలోపు ఉంటే ఇంకో చావు వస్తుందంటారు. మరి ఆ తాళం పడిన రోజుల్లోనే తనకేమైనా అయితే? ఆమె పరేషాన్ అంతా అదే. మా హాల్లో గోడ క్యాలెండర్ ముందు రోజూ పొద్దున నిలబడేది. ఆమెకు చదువు రాదు. కానీ ఆ చిన్న అక్షరాల్లో నక్షత్రాల పేర్లు మాత్రం పట్టుకునేది. డిజైన్లు గుర్తుపట్టినట్టే గుర్తుపట్టేదనుకుంటాను.

మాస్టారు, ఆయన భార్య ఆరేళ్ళ కింద వచ్చారు. కృష్ణా జిల్లా వాళ్ళు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఒక్కతే కూతురు, నాగోల్‌లో ఉంటుంది. ఆవిణ్ణి మేం మామ్మగారు అనేవాళ్ళం. మామ్మగారు మాట్లాడితే పక్కన టీవీలో వార్తలు చదువుతున్నట్టు ఉండేది మాకు. ఆమెకు మా మాట మొదట్లో సగమే అర్థమయ్యేది. నాయనమ్మ ఏదన్నా చెప్తే నా వైపు చూసేది.

మాస్టారు పాల ప్యాకెట్ తేవడానికి కూడా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని దిగేవారు. మెట్లు పద్నాలుగు. దిగేటప్పుడు లెక్కపెట్టేవారు, ఎక్కేటప్పుడు కూడా లెక్కపెట్టేవారు, ఎప్పుడైనా తేడా వస్తుందేమోనన్నట్టు. నాయనమ్మ వసారాలో కూర్చుని చిటికి కడుతుంటే పక్కన మెట్టు మీద కూర్చునేవారు. చదువు లేని మనిషి కాగితం లేకుండా అన్ని వందల ముళ్ళు ఎట్లా గుర్తుపెట్టుకుంటుందో ఆయనకు అంతుబట్టేది కాదు. ఒకసారి గ్రాఫ్ పేపర్ కొనుక్కొచ్చి ఆమె కడుతున్న డిజైన్ అంతా గళ్ళల్లో దించారు. మూడు రోజులు పట్టింది.

"ఓనరమ్మగారూ, ఇక్కడ ఒక గడి తప్పింది, చూడండి."

నాయనమ్మ కాగితం వైపు చూడను కూడా చూడలేదు. "తప్పింది నీ కాగితం సారూ. గా చీరె రానియ్యి, చూద్దువు."

చీర వచ్చింది. తప్పు కాగితంలోనే ఉంది. మాస్టారు ఆ గ్రాఫ్ పేపరును చించకుండా మడిచి లెక్కల పుస్తకంలో పెట్టుకున్నారు. దాని తర్వాత ఆమె ముందు ఎప్పుడూ లెక్క మాట ఎత్తలేదు.

ఉద్యమం పెరిగాక గల్లీలో మాటలు కొంచెం మారాయి. బండ్ల నంబర్ ప్లేట్ల మీద అక్షరాలు మారాయి. అన్న సాయంత్రాలు దుకాణం మూసి దీక్షా శిబిరం దగ్గరికి పోయేవాడు. మాస్టారు పేపర్ చదివి మడిచి, "రాష్ట్రం వస్తే మేము పైవాటాకు ఎక్కడానికి పాస్‌పోర్టు చూపించాలా ఓనరమ్మగారూ?" అనేవారు. నాయనమ్మ, "మోటరు నేనే ఏస్త గదా, గప్పుడు గూడ నేనే ఏస్త. నీకెందుకు పరేషాన్?" అనేది. ఇద్దరూ నవ్వేవారు. మామ్మగారు మాత్రం నవ్వేది కాదు. కూరగాయలకు పోయినప్పుడు నోరు విప్పకుండా చేత్తో చూపించి కొనుక్కుని వచ్చేదని నాకు చాలా రోజులకు తెలిసింది.

మాస్టారికి ఊపిరితిత్తులు చెడిపోయాయి. పదిహేను రోజులు ఆస్పత్రిలో ఉంచి, ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇంటికి అంటే ఊరికి. మూడో షరతు వాళ్ళకూ తెలుసు. కూతురు వాళ్ళదీ కిరాయి అపార్ట్‌మెంటే, అక్కడా అదే షరతు. అందుకని వ్యాన్ మాట్లాడుకుని, ఆక్సిజన్ పెట్టుకుని, మామ్మగారు ఆయన్ను తీసుకుని విజయవాడ రోడ్డు పట్టింది. ఆ రోజు బంద్. ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. అన్న అక్కడే ఉన్నాడు. వ్యాన్‌కు దారి ఇచ్చారట. అందరూ లేచి పక్కకు జరిగారట. కానీ పెద్ద అంబర్‌పేట్ దగ్గరికి పోయేసరికి ముందు లారీలు, వెనక లారీలు. కదలడానికి లేదు. రెండు గంటలు చూసి వెనక్కి తిప్పారు.

మధ్యాహ్నం మూడింటికి వ్యాన్ మా గేటు ముందు ఆగింది. నేను బట్టలు తీస్తున్నాను. మామ్మగారు దిగి నా వైపు వచ్చింది. చీర కుచ్చిళ్ళు నలిగిపోయి ఉన్నాయి. ఆవిణ్ణి అట్లా ఎప్పుడూ చూడలేదు.

"ఊరు చేరతామనుకున్నామమ్మా. చేరలేకపోయాం. ఇల్లు, ఇల్లు అంటూనే ఉన్నారు. మా ఊరిల్లు అనుకున్నాను. మీ గల్లీలోకి తిరగగానే కళ్ళు తెరిచారు."

నేనేం చేశానో దాపరికం లేకుండా రాస్తున్నాను. గేటు సగం తెరిచి ఉంది. దాన్ని దగ్గరికి లాగి గొళ్ళెం పెట్టాను. వదినకు అప్పుడు రెండో నెల. పెళ్ళయిన ఏడేళ్ళకు వచ్చిన కడుపు. నా తలలో ఆ ఒక్కటే ఉంది. గొళ్ళెం మీద చెయ్యి ఉంచే, చాలా మర్యాదగా, "మామ్మగారూ, ఇంకో ఆస్పత్రిలో చూపిస్తే బాగుంటుందేమోనండీ" అన్నాను. ఆవిడ నా చేతి వైపు చూసింది. వ్యాన్ దగ్గరికి పోయి తలుపు పట్టుకుని నిలబడింది.

ఆ రోజుల సంగతి ఎవరికి చెప్పినా వెంటనే ఆంధ్రా, తెలంగాణా అని తూకం వేస్తారు. మా గేటు దగ్గర జరిగింది అది కాదు. మాస్టారు మా ఊరివాడే అయినా నేను గొళ్ళెం పెట్టేదాన్నే. అట్లా అనుకుంటే ఏదో తేలికవుతుందనుకున్నాను కానీ కాలేదు.

నాయనమ్మ వసారాలోంచి అంతా చూసింది. లేచి లోపలికి పోయింది. ఆమె కూడా మొహం చాటేసిందనుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు కొంచెం ధైర్యం వచ్చింది, మా ఇద్దరిదీ ఒకటే మాట కదా అని. రెండు నిమిషాల తర్వాత మోకాళ్ళు పట్టుకుంటూ బయటికి వచ్చింది. నా చెయ్యి పక్కకు తీసి గొళ్ళెం తనే లాగింది.

"చెల్లే, తీస్కరా సారును. పైకి తీస్కపోండ్రి."

"నాయనమ్మా, షరతు..." అన్నాను.

"నేను వెట్టిందే గదా" అంది.

అప్పటికి అన్న వచ్చాడు. మెడలో కండువా అట్లాగే ఉంది. అన్న, డ్రైవరు, ఎదురింటాయన కలిసి మాస్టారిని కుర్చీలో కూర్చోబెట్టి పైకి ఎత్తుకుపోయారు. ఆయన పెదవులు కదులుతున్నాయి. మెట్లు లెక్కపెడుతున్నారని మామ్మగారు తర్వాత చెప్పింది. నేను వినలేదు. పొద్దుగూకక ముందే పోయారు.

పురోహితుడు వచ్చి పంచాంగం సంచిలోంచి తీస్తున్నాడు. ఇంకా పేజీ తిప్పలేదు. నాయనమ్మ గోడ వైపు చూస్తూ, "శతభిషం" అంది. ఆయన పేజీ తిప్పి చూసి తల ఊపాడు. కింద, పైన వేరు కాదు, ఒకటే గేటు, ఒకటే ఇల్లు, ఆరు నెలలు తాళం వెయ్యాల్సిందే అన్నాడు. ఆ రెండు నిమిషాలు ఆమె లోపలికి ఎందుకు పోయిందో అప్పుడు అర్థమయింది. క్యాలెండర్ చూసి, ఏ నక్షత్రమో చూసుకుని, బయటికి వచ్చి గేటు తీసింది.

పదకొండు రోజులు అయ్యాక మామ్మగారు కూతురి దగ్గరికి పోయింది. మేం మీర్‌పేట్‌లో రెండు గదులు తీసుకున్నాం. అక్కడి ఇంటామె మంచిదే. నీళ్ళ సంగతి చెప్పింది, చెత్తబండి సంగతి చెప్పింది. తర్వాత నాయనమ్మను చూసి కొంచెం నసిగింది. "మీ ముసలామెకు ఏమన్నయితే మాత్రం..."

"ఎరుకే బిడ్డా. నేను గూడ ఓనర్నే" అంది నాయనమ్మ.

ఆ రోజు నుంచి ఆమె సరిగ్గా అన్నం తినలేదు. నేను ఇంటి నుంచి తెచ్చిన క్యాలెండర్‌ను అక్కడ మేకు లేక కిటికీ చువ్వకు కట్టాం. రోజూ దాని ముందు నిలబడి వేళ్ళు మడిచేది. "ఇంకెన్ని దినాలుందే?" అని నన్ను అడిగేది, ఆమెకు తెలిసే అడిగేది. నాకు విసుగొచ్చేది. "ఉన్నన్ని ఉన్నయి తియ్యి" అనేదాన్ని. చిటికి కట్టడానికి నూలు తెప్పించి ఇస్తే ముట్టుకోలేదు. ఇంటికి పోయినంక కడత అంది.

ఇంకా నెలకు పైన మిగిలి ఉండగా దవాఖానలో పోయింది. చివరికి నా చెయ్యి పట్టుకుని, "నా ఇంట్లనే" అంది. సరే అన్నాను. చచ్చిపోయే మనిషికి అందరూ సరే అనే అంటారు.

ఊరికి తీసుకుపోదామని నాన్న అన్నాడు. అన్న ఒప్పుకోలేదు. "జిందగీ అంత గా ఒక్కటే అడిగింది బాపు" అన్నాడు. వ్యాన్ మా గల్లీలోకి తిప్పించాడు. దారిలోనే పురోహితుడికి ఫోన్ చేశాడు. గడువు తీరకుండా తాళం తియ్యొద్దు, ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉంది, ఆ తర్వాత మీ ఇష్టం అన్నాడు ఆయన. వదినకు ఏడో నెల. అన్న ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

పొద్దున తొమ్మిదింటికి నాయనమ్మను మా గేటు ముందు, రోడ్డు మీద పడుకోబెట్టాం. ఎదురింటివాళ్ళు బల్ల ఇచ్చారు. ఎండ పడుతోందని అమ్మ చీర ఒకటి తీసి గేటుకూ కరెంటు స్తంభానికీ కట్టింది. కడుతున్నప్పుడు అమ్మకు గుర్తు రాలేదనుకుంటాను. నాకు వచ్చింది. నేను చెప్పలేదు.

మనుషులు వచ్చారు. గల్లీవాళ్ళు కుర్చీలు తెచ్చారు. లోపలికి తీసుకుపోతే బాగుండేదని అందరూ అన్నారు. తీసుకుపోదాం పట్టండి అని ఎవరూ అనలేదు. అన్న గోడకు ఆనుకుని కూర్చుని నేల చూస్తున్నాడు. నేను వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు ఇస్తున్నాను. గేటుదీ ఇంటిదీ తాళంచెవులు నా భుజానికున్న బ్యాగులో ఉన్నాయి. గ్లాసు అందించడానికి వంగినప్పుడల్లా చప్పుడు వినబడుతోంది. తియ్యాలనుకున్నాను. వదిన కడుపు గుర్తొచ్చింది. మళ్ళీ తియ్యాలనుకున్నాను. గ్లాసులు కడిగాను.

పదకొండింటికి ఆటోలో మామ్మగారు వచ్చింది. దిగి, చీర కింద పడుకుని ఉన్న నాయనమ్మను చూసింది. తాళం వేసి ఉన్న గేటు చూసింది. సంచిలో చెయ్యి పెట్టి తన తాళాలగుత్తి తీసింది.

"అది తియ్యకూడదమ్మా, ఇంకా గడువుంది" అన్నారెవరో.

"కింద వాటా సంగతి మీ ఇష్టం. పై వాటా నాది. నేనింకా ఖాళీ చెయ్యలేదు" అంది. ఆ గల్లీలో ఆవిడ అంత గట్టిగా మాట్లాడటం అందరూ మొదటిసారి విన్నారు. "ఆయన్ని పడుకోబెట్టిన చోటే అక్కగారిని కూడా పడుకోబెట్టండి. ఏదన్నా దోషముంటే నాకు తగులుతుంది. నాకు ఇంకేం తగలాలి?"

గేటు తీసింది. అన్న లేచాడు. నలుగురూ ఎత్తుకుని పద్నాలుగు మెట్లు ఎక్కించారు. మోకాళ్ళ నొప్పులతో నాయనమ్మ ఆరేళ్ళుగా పైకి ఎక్కలేదు. తను కట్టిన ఇంటి పైవాటాలో, కిరాయికున్నవాళ్ళ గదిలో, మాస్టారి మంచం పక్కన నేల మీద మధ్యాహ్నం దాకా ఉంది. కిటికీలోంచి ఎండ పడకుండా మామ్మగారు పరదా వేసింది.

వదినకు ఏమీ కాలేదు. ఆడపిల్ల పుట్టింది. గడువు తీరాక మేమంతా ఇంటికి వచ్చేశాం. మామ్మగారు కూడా పైవాటాకు తిరిగొచ్చింది. రాష్ట్రం ఇంకా రాలేదు, బంద్‌లు నడుస్తూనే ఉన్నాయి. ఆవిడ ఇప్పుడు కూరగాయలబండి ఆమెతో నోరు తెరిచి బేరమాడుతోంది. పొద్దున నేను మోటరు వేస్తున్నాను.

మొన్న పైకి రమ్మని పిలిచింది. పోయాను. నాయనమ్మను తెచ్చిన రోజు సంగతి మాట మీదికి వచ్చింది.

"తాళంచెవులు మీ అన్నయ్య దుకాణంలో ఉండిపోయాయట కదూ ఆవేళ? లేకపోతే గడువున్నా రోడ్డు మీద ఉంచనిచ్చేదానివా? నువ్వు గేటు దగ్గర ఎట్లా నిలబడ్డావో నేను చూశానమ్మా."

"అవునండీ" అన్నాను.

ఆవిడ గుత్తిలోంచి ఒక తాళంచెవి విడదీసింది. పైవాటాది, కొత్తగా చేయించిందట. "ఇది నీ దగ్గర ఉంచు. ఒంటరిదాన్ని. నాకేమన్నా అయితే తలుపు తియ్యడానికి ఒకరుండాలి. నువ్వయితే తీస్తావు" అంది.

చెయ్యి చాపి తీసుకున్నాను.